పురుగు మందుకి కంప్యూటర్ పరీక్ష

కెమిస్ట్రీలో నాకు తెలియని సంగతి లేదు. పర్చూరు చుట్టుపక్కల ఈ కథ రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు.

మా ఊరి జూనియర్ కాలేజీలో లక్ష్మీకాంత్ గారు కెమిస్ట్రీ లెక్చరర్. ఆ సోమవారం పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్లలకి కంప్యూటర్లో ఒక ప్రయోగం చూపించి, ఎండ ముదరకముందే ఇంటికెళ్లి గోంగూర పచ్చడితో అన్నం తినాలి. అసలు లాబు గదిలో విరిగిన బల్లలు పేర్చి తాళం వేశారు. దానికి బదులుగా పైవాళ్లు వర్చువల్ లాబు పంపారు. ఇందులో గాజు పగలదు, యాసిడ్ ఒలకదు, పిల్లలకి ఏమీ అంటదు, చదువుతో సహా. తెర మీద గాజు గొట్టం బొమ్మ ఉంటుంది. మౌసు నొక్కితే చుక్కలు పడతాయి. కాసేపటికి కింద ఫ్లాస్కులోని నీళ్లలాంటి మందు గులాబీ రంగుకి తిరుగుతుంది. ఎవరు నొక్కినా గులాబీయే. ఎందుకని నన్నడక్కండి. నేను ఐదో తరగతిలోనే చదువుతో తెగతెంపులు చేసుకున్నవాణ్ని. అందులో వేసే మందు పేరు పలకడానికి నాకు మిగిలిన పళ్లు చాలవు.

తల్లిదండ్రుల మీటింగులో మాత్రం లక్ష్మీకాంత్ గారు, "ఏ సీసాలో ఏముందో మా లాబు చుక్కతో సహా చెప్పేస్తుందండీ," అని ఉన్నారు. ఆ మాటని మిరప రైతు బాపయ్య మూట కట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

పాఠం సగంలో ఉండగా ఆ బాపయ్యే చంకలో పురుగు మందు సీసాతో గుమ్మంలో నిలబడ్డాడు. ముందు బెంచీలో ఉన్న ఆయన మనవరాలు తేజశ్రీ తల దించుకుంది.

"సార్, తోటకి నల్ల తామర పురుగు పట్టిందండి. మూడుసార్లు కొట్టాను. చావలేదు సరికదా, పురుగు ఒళ్లు చేసింది. ఇంకో వారం ఇట్టాగే ఉంటే తోట దున్నెయ్యడమే. ఇందులో అసలు మందుందో లేదో చూసి పెట్టండి."

"క్లాసు జరుగుతోంది బాపయ్య గారూ."

"జరగనీండి, నేనేం అడ్డం రాను. ఎక్కడ పొయ్యాలి?" అంటూ ఆయన కంప్యూటర్ మీద సీసా వంచబోయాడు.

"పొయ్యొద్దు, పొయ్యొద్దు. పక్కన పెట్టండి చాలు."

అక్కడే జారారు లక్ష్మీకాంత్ గారు. ఇది ఉత్త బొమ్మ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని పిల్లలందరి ముందు తన మీటింగు మాటని తనే మింగడం ఆయన వల్ల కాలేదు. తేజశ్రీ చేత మౌసు నొక్కించారు. గులాబీ వచ్చింది.

"కల్తీయేగా సార్?"

లక్ష్మీకాంత్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అర్థమైందిలెండి. ఉద్యోగస్తులు, నోరు విప్పలేరు," అని బాపయ్య సీసా తీసుకుని వెళ్లాడు.

మర్నాటికి కాలేజీ వరండాలో జనం బారులు తీరారు. పాలమ్మే కోటేశ్వరి పోసిన పాలని ఆదెమ్మ చెంబుతో తెచ్చింది. గులాబీ. మరియదాసు బోరు నీళ్లు తెచ్చాడు. గులాబీ. ఎవరో తాటికల్లు తెచ్చారు. అదీ గులాబీయే, అయినా తాగేశారు. వారమంతా కరెంటు ఒక్క నిమిషం పోలేదు. కోటేశ్వరి గుమ్మంలో పాలడిగేవాళ్లు లేరు.

గురువారం నాడు ఊరంతా కలిసి, బాపయ్యకి ఆ సీసా అమ్మిన పురుగు మందుల షాపు చైతన్యకృష్ణని కాలేజీకి నడిపించుకొచ్చింది. ఇంకోసారి పరీక్ష చేయించి, ఆ రంగు అతనికే చూపించి, షాపుకి తాళం వేయాలని తీర్మానం. ఒక బొమ్మ కోసం ఒక మనిషి బతుకు వీధిన పడబోతోందని లక్ష్మీకాంత్ గారికి అప్పుడు వెలిగింది. ఆయన చేతులు జోడించారు.

"అయ్యా, వినండి. ఇది సినిమా లాంటిది. మీ సీసాలకీ దీనికీ సంబంధం లేదు. ఎవరు నొక్కినా ఆ రంగే వస్తుంది. తప్పు నాది."

బాపయ్య షాపతని వైపూ లెక్చరర్ వైపూ మార్చి మార్చి చూశాడు.

"ఎంతిచ్చాడు సార్?"

లక్ష్మీకాంత్ గారు సీసాలన్నీ బయట పెట్టించి, ఖాళీ బల్ల చూపించి, తనే మౌసు నొక్కారు. గులాబీ వచ్చింది.

"చూశారా? ఇక్కడ ఏమీ లేదు."

"అదే నేననేది. సీసా పెట్టిన బల్లని కూడా పట్టేసిందంటే, అది ఎంత కల్తీ మందై ఉండాలి," అన్నాడు బాపయ్య. జనం తలలూపారు.

చైతన్యకృష్ణ లెక్చరర్‌ని మూలకి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు.

"నా కోసం మీరింత అబద్ధం ఆడతారనుకోలేదు సార్. ఇంక వద్దు. మందులో నీళ్లు కలిపిన మాట నిజమే. నాకూ మా బావమరిదికీ తప్ప ఎవరికీ తెలీదు. మూత కూడా తియ్యకుండా మీ కంప్యూటర్ ఎట్టా పట్టిందండీ?"

సాయంత్రానికల్లా అసలు మందు బాపయ్య ఇంటికి చేరింది. పురుగు పోయింది, పూత నిలిచింది. ఎవరూ ఏమీ అనకుండానే కోటేశ్వరి పాలు మీగడ కట్టడం మొదలుపెట్టాయి. ఊరివాళ్లు లక్ష్మీకాంత్ గారికి శాలువా కప్పారు. ఇది ఉత్త బొమ్మ అని ఆయన ఇప్పటికీ మొత్తుకుంటూనే ఉన్నారు. చదువుకున్నవాళ్లకి ఆ మాత్రం వినయం ఉండాలని ఊరు మెచ్చుకుంటోంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. వారమంతా కరెంటు పోలేదని రాశాను చూశారా, అది.