ఛార్జి లేని బండి

ఆ బుధవారం పొద్దున దేవసహాయం వేసుకున్న పథకం చాలా సులువైనది. నంద్యాలలో మొదటి బస్సెక్కాలి. ఏడింటికల్లా ఆళ్లగడ్డ విత్తనాల ఫారంలో దిగాలి. పదకొండింటికి హైదరాబాదు నుంచి వచ్చే డైరెక్టరమ్మను బ్యాటరీ బండిలో కూర్చోబెట్టి పొలమంతా తిప్పాలి. ఆమె మెత్తబడ్డాక నంద్యాల ట్రాన్స్‌ఫర్ కాగితం ముందుపెట్టి సంతకం చేయించుకోవాలి. ఆరేళ్లుగా రోజూ పోను బస్సు, రాను బస్సు. నడుములో ఏ ఎముక ఎక్కడుందో ఆయనకు విడివిడిగా తెలిసిపోయింది. భార్య హన్నమ్మ నంద్యాల బడిలో టీచరు. ఆమె కదలదు, ఈయన ఆళ్లగడ్డను వదలలేడు.

"ఈసారి ఆర్డరు చేత్తో పట్టుకోని రాండి. ఉత్త చేతుల్తో వచ్చేమాటైతే ఆ ఫారంలోనే పండుకోండి," అంటూ హన్నమ్మ టిఫిను డబ్బా చేతికిచ్చింది. తర్వాత ప్రార్థన కూడా చేసింది. అందులోనూ దేవసహాయానికి బెదిరింపే ఎక్కువ వినిపించింది.

ఆ బ్యాటరీ బండి సంగతి కొంచెం చెప్పాలి. దొరల దేశంలో కొందరు పెద్దమనుషులు చిన్న బంతిని కర్రతో కొట్టి, దాన్ని వెతుక్కుంటూ పోవడానికి ఇలాంటి బండ్లు వాడతారట. హైదరాబాదు ఎగ్జిబిషనులో ఎవరో దాన్ని ప్రదర్శించి, మళ్లీ మోసుకుపోయే ఓపిక లేక ప్రభుత్వానికి దానం చేసి పోయారు. ఏ శాఖకు ఇవ్వాలో తేలక నాలుగేళ్లు ఫైలు తిరిగింది గానీ బండి తిరగలేదు. చివరికి ఎనభై మూడులో ఆళ్లగడ్డకు వచ్చి పడింది. గుమాస్తా గోల్ఫ్ కార్టు అని రాయబోయి గోల్ఫ్ కార్డు అని రాశాడు. అందుకని కాగితాల ప్రకారం అది ఇప్పటికీ స్టేషనరీలో, కార్బన్ పేపర్లకూ గుండుసూదులకూ మధ్యన ఉంది.

దాన్ని నడిపే గురవయ్య రెండు నెలల కింద రిటైరై సొంతూరు సంజామలకు వెళ్లిపోయాడు. అప్పటినుంచి బండి టార్పాలిన్ కింద హాయిగా నిద్రపోతోంది. సూపరింటెండెంటు కామెర్లతో సెలవు పెట్టాడు. స్టోరుకీపరు దేవసహాయం ఇప్పుడు ఫారానికి ఇన్‌ఛార్జి. ఇది సీనియర్ గుమాస్తా జయరాజుకు గొంతులో చేపముల్లయి కూర్చుంది. ఆళ్లగడ్డలో సొంతిల్లు, రెండెకరాల మాగాణి ఉన్న తనను కాదని, బస్సులో వచ్చిపోయే వాడికి ఛార్జి ఇవ్వడమేమిటని ఆయన బాధ.

ఏడున్నరకు దేవసహాయం టార్పాలిన్ తీసి, తాళంచెవి తిప్పి, పెడలు తొక్కాడు. బండి ఉలకలేదు, పలకలేదు. ఆయన పరుగున పోయి ట్రాక్టరు మెకానిక్ మద్దిలేటిని పిలుచుకొచ్చాడు.

మద్దిలేటి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఇంజను యాడుంది సార్ దీనికి?"

"దీనికి ఇంజను ఉండదప్పా."

"ఇంజనే లేనిదానికి రిపేరేందీ?" అని విసుక్కుంటూనే సీటు లేపాడు. కింద ఆరు బ్యాటరీలు కనిపించాయి. వాటి మొనలకు చింతపండు పెట్టి రుద్దాడు. సీటు పక్కనున్న గేరు కడ్డీని ముందుకు తోశాడు, వెనక్కు లాగాడు. "ముందుకు పోకుంటే పాయె, వెనక్కన్నా పోకూడదా ఇది!" అన్నాడు. చివరికి, మొట్టమొదట అడగాల్సిన మాట అడిగాడు. "ఇంతకీ ఛార్జి ఉండాదా దీంట్లో?"

ఆ సంగతి గురవయ్యకే తెలియాలి. దేవసహాయం సంజామల పోస్టాఫీసుకు వెంటనే కలుపుతారని ఎక్కువ రేటు లైట్నింగ్ ట్రంకాల్ బుక్ చేశాడు. పోస్టుమాస్టరు మనిషిని పంపి గురవయ్యను పిలిపించేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఫోనులో వడగళ్ల వాన కురుస్తున్నంత మోత.

"గురవన్నా! బండికి ఛార్జి ఇచ్చినావా?"

"ఇచ్చినా సార్! రిటైరైన దినమే ఇచ్చినా!"

"ఫుల్లుగా ఇచ్చినావా?"

"ఫుల్లుగా ఇచ్చినా! ఏమీ మిగల్చుకోలా! నువ్వే గదా..." అంటుండగా లైను తెగిపోయింది.

దేవసహాయం ప్రాణం కుదుటపడింది. ఛార్జి నిండా ఉంది, రెండు నెలలుగా ఎవరూ వాడలేదు, కనుక రోగం ఇంకెక్కడో ఉంది. ఆ మాట చెప్పగానే మద్దిలేటి ఉత్సాహంగా స్టీరింగు ఊడదీశాడు, పెడళ్లు ఊడదీశాడు, బ్రేకు డ్రమ్ములు ఊడదీశాడు. గంట తర్వాత అన్నీ బిగించాక నాలుగు నట్లు మిగిలాయి. "వాళ్లే ఎక్కువిచ్చినట్టుండారు సార్," అని జేబులో వేసుకున్నాడు.

బండి మాత్రం అక్కడే ఉంది. దానితో వచ్చిన పుస్తకమేదైనా దొరుకుతుందేమోనని దేవసహాయం ఆఫీసు బీరువా తిరగేశాడు. పుస్తకం దొరకలేదు గానీ ఒక కాగితం దొరికింది. 'గోల్ఫ్ కార్డు ఒకటి, టార్పాలిన్ ఒకటి, తాళంచెవి ఒకటి. పై వాటి పూర్తి ఛార్జి ఇచ్చినాను, గురవయ్య. పూర్తి ఛార్జి తీసుకున్నాను, దేవసహాయం.' కింద తన సంతకమే, తేదీతో సహా.

ఇచ్చినవాడు ఇచ్చాడు, తీసుకున్నవాడు తీసుకున్నాడు, మధ్యలో బండికి మాత్రం చుక్క కరెంటు దక్కలేదు. దేవసహాయం నెత్తి కొట్టుకుంటూ వరండాలోకి పరుగెత్తాడు.

"ఛార్జి లేదు! మద్దిలేటీ, ఛార్జే లేదప్పా!"

అక్కడ ఊడుస్తున్న కృష్ణమ్మ చీపురు ఆపి విన్నది. ఆమె విన్న మాట గుమాస్తాల గది చేరేసరికి బాగా ఎదిగింది. "దేవసహాయం సారుకు ఛార్జి లేదంట! డైరెక్టరమ్మ వస్తాండేది పీకేసేకేనంట!" జయరాజు పెన్ను మూత పెట్టాడు, తల దువ్వుకున్నాడు, గోడకు వేలాడే ఫారం తాళంచెవుల గుత్తి తీసుకుని లోపలికి పోయి సూపరింటెండెంటు కుర్చీలో కూర్చున్నాడు.

ఆ వారమంతా పగలు కరెంటు కోత. జనరేటరు షెడ్డు తెరిస్తే గంటలో బండికి ఎంతో కొంత ప్రాణం పొయ్యవచ్చు. కానీ షెడ్డు తాళంచెవి ఆ గుత్తిలోనే ఉంది.

"జయరాజన్నా, బేగా జనరేటరు తాళంచెవి ఇయ్యి."

"ఎట్లిస్తానప్పా? ఛార్జి లేని మనిషికి తాళంచెవి ఇస్తే రేపు ఆడిట్లో నన్నడగరా?"

"ఛార్జి లేంది నాకు కాదన్నా, బండికి! నాకుండాది!"

"నీకుంటే బండికెందుకియ్యలా?"

దేవసహాయం గుత్తి కోసం చెయ్యి చాపాడు. "రాతపూర్వకంగా అడుగు, పరిశీలిస్తా," అన్నాడు జయరాజు, కుర్చీలో ఇంకొంచెం వెనక్కు వాలి. దేవసహాయం నిజంగానే అర్జీ రాశాడు. జయరాజు దానికి నంబరు వేసి ట్రేలో పెట్టుకున్నాడు. అప్పటికి పదిన్నర. హన్నమ్మ మొహం కళ్లముందు మెదిలి దేవసహాయానికి ఏడుపొక్కటే తక్కువైంది.

కాడెద్దులు తోలే పుల్లయ్యకు దేవసహాయం వాలకం చూసి జాలేసింది. "ఏం సార్, అది పోవాల, అంతేగదా? నా ఎద్దులుండాయి గదా," అన్నాడు. మరో దారి లేదు. బండి ముందు కాడి కట్టారు, మోకు బిగించారు. ఎద్దులు బండిని చూసి ఒకసారి ముక్కులెగరేశాయి, తర్వాత సర్దుకున్నాయి.

పదకొండింటికి డైరెక్టరు ఉమామహేశ్వరమ్మ జీపు దిగింది. మోకాళ్ల నొప్పుల మనిషి. ఎద్దులనూ, వాటి వెనక తెల్లటి గొడుగు కప్పుతో మెరుస్తున్న బండినీ చూసి నిలబడిపోయింది.

"ఏమిటయ్యా ఇది?"

దేవసహాయం ఎద్దుల మోకు సవరిస్తున్నట్టు వంగాడు. "కరెంటు లేదు మేడమ్... జనరేటరూ వెయ్యలేదు... అందుకని..."

"అద్భుతం!" అంది ఆమె. ఎక్కి కూర్చుంది. పుల్లయ్య "హెయ్" అన్నాడు. జొన్న చేలు, వేరుశనగ మళ్లు, కాలువ గట్టు అన్నీ చుట్టి వచ్చారు. ఒక్క కుదుపు లేదు. ఇంధనం ఆదా చేయాలని తాను నెలనెలా పంపే సర్క్యులర్లను ఇన్నాళ్లకు ఒక్కడైనా చదివాడని ఆమెకు కళ్లు చెమర్చాయి. ఆ అదనులో దేవసహాయం ట్రాన్స్‌ఫర్ కాగితం అందించాడు.

ఆమె చదివింది. నవ్వింది. "నిన్ను నంద్యాలకు పంపితే ఇదంతా ఎవరు చూస్తారయ్యా? నీలాంటివాణ్ణి ఇక్కడినుంచి కదిలించకూడదు," అని కాగితం నిలువునా చింపేసింది. అప్పుడే జయరాజు వచ్చి, ఛార్జి ఎవరిదో ఇప్పుడే తేల్చమని చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆమె అక్కడికక్కడే తేల్చింది. దేవసహాయానికి శాశ్వతంగా పూర్తి ఛార్జి, తగువులమారి జయరాజుకు వెంటనే నంద్యాల ట్రాన్స్‌ఫర్.

సాయంత్రం హన్నమ్మ ఆర్డరు చదివి, మడిచి, భర్త చేతిలోనే పెట్టింది. "ఏందిది?"

"ఛార్జి," అన్నాడు దేవసహాయం.

ఆ రాత్రి ఆయన తిండి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున నంద్యాల బస్సులో దేవసహాయం ఇటు వస్తాడు, ఆళ్లగడ్డ బస్సులో జయరాజు అటు పోతాడు. శిరివెళ్ల దగ్గర రెండు బస్సులూ ఎదురైనప్పుడు ఇద్దరూ మొహాలు తిప్పుకుంటారు. పుల్లయ్య ఎద్దులకు గోల్ఫ్ కార్డు విభాగం కింద దాణా మంజూరైంది.

బండికి మాత్రం ఇంతవరకు ఎవరూ ఛార్జి పెట్టలేదు.