మాస్టారి జలుబు

ఆ ఉదయం మాస్టారు అనుకున్నది చిన్న పనే. పదకొండింటికి, భార్య పాఠాలు చెప్పిన బడిలో ఆమె సంతాప సభ. ఆమె గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, కళ్లు తడవకుండా. ముప్పై ఏళ్లు పిల్లల్ని "ఏడవకు" అని కసిరిన మనిషాయన. అందుకే ఈ నెలరోజులుగా ఎవరడిగినా "జలుబండీ" అంటూ వచ్చారు.

ఆ జలుబును నమ్మింది బావమరిది ఒక్కడే.

"ఎన్నాళ్లు బావగారూ ఈ ముక్కు చీదడం? ఇదిగో, గట్టి మాత్ర. నా ఎదురుగానే వేసుకోండి."

"ఇప్పుడెందుకోయ్..."

"జలుబుందా, లేదా?"

ఉందనక తప్పలేదు. మింగారు. ప్రోస్టేట్ వాపుకు తాను వాడే మందుకు ఏది పడదో చూసుకునే మనిషి ఇప్పుడు ఇంట్లో లేదు.

పదింటికి బాత్‌రూములోకి వెళ్లారు. పొట్ట రాయిలా బిగిసింది, చుక్క రాలేదు. ప్రోస్టేట్ మాత్ర చాలలేదనుకుని ఇంకొకటి వేసుకున్నారు. కాసేపాగి మరొకటి.

"బావగారూ, లోపల ఏడుస్తున్నారా?"

"జలుబోయ్!"

సభలో ముందు వరుసలో మోకాళ్లు దగ్గరికి బిగించుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నారు. "ఎంత బాధను అదిమిపెట్టుకున్నారో పాపం!" అంది హెడ్మిస్ట్రెస్, పక్కావిడతో.

అది మాత్రం నిజం.

పేరు పిలవగానే చటుక్కున లేచారు. ప్రోస్టేట్ మాత్ర వేసుకున్నవాళ్లు నెమ్మదిగా లేవాలి, లేకపోతే రక్తపోటు పడిపోతుంది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయనకది గుర్తుపెట్టుకునే పని పడలేదు. రోజూ చేయి పట్టి లేపేది ఆమే. కళ్లు బైర్లు కమ్మాయి. అందిన గుడ్డ పట్టుకుని, గుడ్డతో సహా కూలబడ్డారు. అది ఆమె పటం మీది తెర. ఆవిష్కరణ ఆ విధంగా పూర్తయింది. హాలంతా గొల్లుమంది.

ఆసుపత్రిలో మూత్రానికి గొట్టం వేశాక మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. డాక్టరు కాగితం తీసింది.

"జలుబు మాత్ర వేసుకున్నారా? ఈ వాపున్నవాళ్లకు అది మూత్రాన్ని బిగించేస్తుందండీ. పైగా ప్రోస్టేట్ మాత్ర మూడుసార్లా! అసలు జలుబు ఎన్నాళ్లనుంచి?"

మాస్టారు పైకప్పు కేసి చూశారు.

"జలుబు లేదమ్మా. ఏడుపు."

తిడతాడనుకుని మాస్టారు బావమరిది వైపు తిరిగారు. అతను రుమాలు తీసి, మొహమంతా కప్పుకున్నాడు.

"నాకూ అక్క పోయినప్పట్నుంచీ జలుబే బావగారూ. ఆ మాత్రలు నావే."

డాక్టరు కాగితం మీద ఇద్దరికీ ఆ మాత్ర కొట్టేసింది.