సముద్రపు గాలికి తుమ్మిన పిల్లి

ఇలా దగ్గరికి జరగండి. చాప చాలకపోతే గుమ్మం మీద కూర్చోండి, చెవి మాత్రం ఇటు పడేయండి.

లోకంలో తుమ్ములు రెండే రకాలు. ఒకటి ముక్కులోంచి వచ్చేది, రెండోది ప్రభుత్వం ఒప్పుకున్నది. మొదటిది ఎవరికైనా వస్తుంది. రెండోదానికి క్యూలో నిలబడాలి. ఈ తేడా తెలియక మా జాంజిబార్ పాతపట్నం సందుల్లో ఎంతమంది జలుబుతోనే ముసలివాళ్ళయిపోయారో! (నేనూ అందులో దాన్నే.)

మా సందులో సముద్రం వైపున్న కొసాఖరి ఇల్లు బి షెంసా అనే ముసలావిడది. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి బీబీ అంటారు, అంటే అవ్వ. ఊదు వండటంలో ఆవిడ చేతికి ఎదురులేదు. అగరు చెక్క పేళ్ళు, చక్కెర పాకం, పన్నీరు, ఇంకా ఎవరికీ చెప్పని దినుసులేవో కలిపి ఉండలు కడుతుంది. ఆవిడ ఊదు పొగ పట్టకుండా మా పేటలో ఏ పెళ్ళికూతురైనా అత్తారింటికి వెళ్ళినట్టు నాకు గుర్తులేదు. నాకు గుర్తులేనిది జరగలేదనే లెక్క.

ఆవిడ పిల్లి పేరు కరఫూ. మా భాషలో కరఫూ అంటే లవంగం, దాని రంగూ అదే. ఊదుకుంపటి పక్కనే దాని పడక.

వానలు వెనకబట్టాక కరఫూ తుమ్మడం మొదలెట్టింది. కుంపటి రాజేస్తే తుమ్ము, ఉండ వేస్తే తుమ్ము, పొగ లేస్తే వరసగా తుమ్ములు. బీబీ దిష్టి అనుకుంది. దిష్టికి మందు ఊదు పొగ కాబట్టి కాస్త ఎక్కువ వేసింది. పిల్లి కాస్త ఎక్కువ తుమ్మింది. దిష్టి మొండిదని తేలిపోయింది, కనక ఇంకాస్త వేసింది.

పక్కింటి రాయా గోడ మీంచి తొంగిచూసి అంది: "బీబీ, దానికి పొగ పడట్లేదేమో."

"పొగా? నా పొగా? ఏమే రాయా, నీ పెళ్ళిలో నీ బట్టలకి పట్టింది ఈ పొగ కాదూ? అప్పుడు తుమ్మావా నువ్వు?"

"తుమ్మాను బీబీ. పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోందనుకున్నారు అందరూ."

"అయితే ఇప్పుడూ అలాగే ఏడు. ఊదు చేసేదాని పిల్లికే ఊదు పడదని తెలిస్తే ఏ పెళ్ళికూతురి తల్లి నా గడప తొక్కుతుంది? ఈ మాట నీ నోట్లోనే ఉండనీ."

రాయా నోట్లోనే ఉంచుకుంది. (సందు మొత్తానికి అప్పటికే తెలుసు, అది వేరే సంగతి.)

అంతలో కరఫూ తిండి మానేసింది. ముక్కు దిబ్బడేస్తే పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియందే అది ముద్ద ముట్టదు. బీబీ కొబ్బరిపాలలో ఉడికించిన చేప తల తెచ్చి మూతి దగ్గర పెట్టింది. కరఫూ దాన్ని ముక్కూ మొహం తెలియని చుట్టాన్ని చూసినట్టు చూసి అటు తిరిగి పడుకుంది. ఒంటి మీద చెయ్యి వేస్తే పక్కటెముకలు తగిలాయి. 

అప్పుడావిడ, బుద్ధున్న మనలాంటి వాళ్ళందరూ చేసే పనే చేసింది. కారణం తెలిసిపోయింది గనక, ఇంకో కారణం చెప్పే ఆఫీసు కోసం బయల్దేరింది.

దాని పేరు చిన్నప్రాణుల శ్వాసవ్యవహారాల ఉపశాఖ. ముందు రాయా చేత ఫోను చేయించింది. "ఆవు దగ్గితే ఒకటి నొక్కండి. మేక దగ్గితే రెండు నొక్కండి. కోడి చనిపోయి ఉంటే తొమ్మిది నొక్కి ఓపిక పట్టండి." పిల్లి ఊసే లేదు. బీబీ ఆలోచించి మేకకి నొక్కమంది. కొమ్ముల పొడవు చెప్పమన్నారు. సిగ్గేసి పెట్టేసింది.

తర్వాత యాప్. పిల్లి తుమ్ముతుండగా తీసిన ఫొటో పెట్టాలట, ఫొటోలో కళ్ళు బాగా తెరిచి ఉండాలట. (కళ్ళు తెరుచుకుని తుమ్మగల పిల్లికి వైద్యం దేనికని ఆ యాప్‌ని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. మళ్ళీ మళ్ళీ తీశాం.)

చివరికి పిల్లిని చేపల బుట్టలో పెట్టుకుని ఆఫీసుకే వెళ్ళింది. చేపల కంపుతో ఆఫీసుకి వెళ్తే మర్యాద కాదు కనక, బయల్దేరే ముందు బుట్టకి బాగా ఊదు పట్టించింది. దారంతా కరఫూ తుమ్ముతూనే ఉంది. ఆ ఆఫీసు సముద్రం ఒడ్డున. వరండాలో చల్లటి గాలి. క్యూ కదిలేలోపు బుట్టకి పట్టిన పొగంతా ఎగిరిపోయింది. కరఫూ ముక్కు తుడుచుకుంది, ఒళ్ళు విరుచుకుంది, ముందు ఆవుతో నిలబడ్డ ఒకాయన భోజనం మూటలోంచి వేయించిన చేప లాక్కుని తినేసింది.

"నా చేప!" అన్నాడాయన.

"తిననీ నాయనా, తిననీ! ఎన్నాళ్ళకి తిందో!" అని బీబీ కళ్ళొత్తుకుంది. ఆయన కర్రపెండలం ముక్క మాత్రం నమిలి ఊరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే పిలుపొచ్చింది. ఉపశాఖాధికారి మకామే కళ్ళజోడు సర్దుకుని పిల్లిని చూశాడు.

"ఏదీ, తుమ్మమనండి."

"ఇప్పుడు రావట్లేదు నాయనా."

"తుమ్ము మా సమక్షంలో జరగాలి బీబీ. లేని తుమ్ముకి మందు రాస్తే రేపు లెక్కల తనిఖీలో నేను తుమ్మాల్సొస్తుంది."

"పొద్దున్నే పిలిచుంటే కళ్ళారా చూసేవాడివిగా!"

"పొద్దున్నే మేం అల్లం కాఫీ తాగుతాం."

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఇంటి దగ్గర తుమ్ము, వరండాలో ఆకలి. బీబీ తెలివైన మనిషి, అందుకని ఈ ఆఫీసు గాలిలోనే ఏదో మహిమ ఉందని నిర్ధారించింది. ఆ మాట పాకింది. దగ్గే మేకలొచ్చాయి, కునికే కోళ్ళొచ్చాయి, ఒకాయన మాట వినని మామగారిని కూడా తెచ్చాడు. శాఖ వెంటనే మేలుకుంది. వరండా చికిత్సకి విడిగా టోకెన్లు పెట్టింది. ఆ టోకెన్ల క్యూ వరండాలో పట్టక ఎండలోకి పోయింది.

కానీ రోజూ వరండాలో కాపురం ఉండలేరు కదా. ఇంటికి రాగానే పిల్లి మళ్ళీ మొదటికొచ్చేది. చివరికి మకామేకి విసుగొచ్చి, ఇంటి తుమ్మును ఇంట్లోనే చూస్తామని ఉత్తర్వు వేశాడు. కొత్తగా చేరిన పశువుల డాక్టరు జెయానాని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇంటికి పెద్దమనుషులు వస్తే మనం ఏం చేస్తాం? బీబీ దాచుకున్న మేలురకం ఊదు తీసింది. కుంపటి తెచ్చి మకామే పొడుగు అంగీ అంచు కింద పట్టింది, డాక్టరమ్మ ముసుగు కింద పట్టింది. ఇల్లంతా మబ్బు కమ్మింది.

కరఫూ తుమ్మింది. మకామే తుమ్మాడు. డాక్టరమ్మ తుమ్మి, మళ్ళీ తుమ్మింది.

"సమక్షంలోనే జరిగింది," అన్నాడు మకామే, తృప్తిగా కళ్ళు తుడుచుకుంటూ. "అధికారుల తుమ్ము మాత్రం మా పరిధి కాదు, రాయనక్కర్లేదు."

జెయానా పిల్లిని ఎత్తుకుని మెట్ల మీదికి పోయి కూర్చుంది. కాసేపటికి తుమ్ములు ఆగాయి. అక్కణ్ణించే మెల్లగా అంది: "బీబీ, ఇది ఊదు వల్లే. ఇంట్లో పొగ ఆపండి, అదే తింటుంది. ఆపకపోతే ఇంకా చిక్కిపోతుంది."

బీబీ కుంపటి వైపు చూసింది. పిల్లి వైపు చూసింది.

"ఇంకేదైనా కారణం దొరుకుతుందేమో చూడు తల్లీ. ఇంత దూరం వచ్చావు."

"కారణాలేమైనా బజార్లో చేపలా బీబీ, ఏరుకోవడానికి?"

అప్పుడు మకామే గొంతు సవరించుకున్నాడు. వచ్చే నెలలో ఆయన కూతురి పెళ్ళి. ఊదు బీబీకే చెప్పిపెట్టారు. పెళ్ళికూతురికి పట్టించబోయే పొగ పిల్లికి కూడా పడలేదంటే వియ్యాలవారు ఏమనుకుంటారు?

"ఆ కిటికీ అవతల ఏముంది బీబీ?"

"సముద్రం నాయనా."

"దాని మీంచి వచ్చేది?"

"గాలి."

"అదే!" అన్నాడు మకామే. "సముద్రపు గాలి పడకపోవుట. చికిత్స: సముద్రము వైపు కిటికీలు మూసి ఉంచవలెను." రాసి, ముద్ర గుద్దాడు.

"అయ్యా, వరండాలో ఆ గాలికే కదా దానికి నయమైంది!" అంది జెయానా.

"మీ అభిప్రాయాన్ని గౌరవంతో స్వీకరించాం డాక్టర్," అన్నాడాయన.

వాళ్ళు వెళ్ళాక బీబీ కిటికీలు మూసి, ముద్ర కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరు దక్కింది. కరఫూ మూలన మూతి నేలకానించి పడుకుని ఉంది. చేప తల పళ్ళెంలో అలాగే ఉంది.

చాలాసేపటికి లేచి, కుంపటీ ఊదు డబ్బాలూ నెత్తిన పెట్టుకుని రాయా వాళ్ళ మేడ మీదికి ఎక్కింది.

"ఇకనుంచి ఇక్కడ వండుకుంటానే. గాలి తగలని చోటు కావాలి."

మేడ మీద గాలికి ఆరేసిన, ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకునే కంగా గుడ్డలు జెండాల్లా కొట్టుకుంటున్నాయి. రాయా వాటిని చూసింది, బీబీని చూసింది.

"ఏంటా చూపు? ఉత్తర్వులో ఉంది."

"నేనేమన్నాను బీబీ? పెట్టుకోండి."

బీబీ కిందికి దిగి తెరలు, దుప్పట్లు, తన ఒంటిమీది కంగా, అన్నీ ఉత్త నీళ్ళలో ఉతికింది. పుట్టి బుద్ధెరిగాక పొగ పట్టని గుడ్డ కట్టడం అదే మొదలు. నలుగురిలో ముసుగు లేకుండా నిలబడ్డట్టు సిగ్గుపడింది. మూడోపూటకి కరఫూ చేప తల ముళ్ళతో సహా నమిలి, ఒళ్ళోకెక్కి, ఆ వాసన లేని గుడ్డలో మూతి దూర్చి నిద్రపోయింది. బీబీ కాళ్ళు తిమ్మిరెక్కినా కదల్లేదు.

తుమ్ములు ఆగిన కబురు శాఖకి చేరింది. కిటికీ చికిత్స ఘనంగా ఫలించిందని తీర్మానించారు. ముందుజాగ్రత్తగా మా సందులో సముద్రం వైపున్న కిటికీలన్నీ, తిరిగి ఉత్తర్వులు వచ్చేదాకా, మూసి ఉంచాలన్నారు.

ఇప్పుడు అందరం ఎవరి కిటికీ వాళ్ళు మూసుకుని, తాటాకు విసనకర్రలతో విసురుకుంటున్నాం. బీబీ ఒక్కమాట చెబితే అవి తెరుచుకుంటాయి. చెప్దామని ఆ ఆఫీసు మెట్లదాకా వెళ్ళింది కూడా. టోకెన్ల క్యూ పొడుగ్గా ఉందని తిరిగొచ్చింది. మేమూ గట్టిగా అడగలేదు. మా ఇళ్ళల్లోనూ పెళ్ళిళ్ళున్నాయి.

ఇది గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి, ఓడ ఎక్కి వెళ్ళే చోటల్లా చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం అదంతా సముద్రపు గాలి వల్లే అని చెప్పండి. ముద్ర దానికే పడింది.