జంట విద్యల మాంత్రికులకు న్యాయం

రెండు విద్యలు నేర్చిన మాంత్రికులకు న్యాయం జరిగేదాకా కంటిమీద కునుకు రానివ్వనని మంత్రిగారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. ప్రకటించింది మధ్యాహ్నం మూడు గంటలకు. ఆనాటి కునుకు అప్పటికే పూర్తయింది కాబట్టి మాట తప్పే ప్రమాదమేమీ లేకపోయింది.

"గత ప్రభుత్వాలు ఒంటి విద్యవాళ్లనే నెత్తికెక్కించుకున్నాయి. జంట విద్యలవాళ్లను గాలికొదిలేశాయి. మూడు నెలల్లో సమగ్రమైన నిబంధనలు తెస్తాం" అన్నారు. విలేకరులు రాసుకున్నారు. ఈ మాంత్రికులెవరని ఒక్కరూ అడగలేదు. అడిగితే తమకు తెలియదని పక్కవాళ్లకు తెలిసిపోతుంది.

మర్నాడు ఆ వార్త చదువుతూ చదువుతూ సచివాలయంలో పనిచేసే సెలవుల గుమాస్తా టీ చల్లార్చుకున్నాడు. ఆయనకు తెలిసి దేశం మొత్తంలో జంట విద్యల మాంత్రికురాలు ఒక్కతే. ఆమె రికార్డు రూము అక్క. ప్రస్తుతం ఆమె తెగిన తాళ్ల వంతెనకు ఒంటిచేత్తో వేలాడుతోంది. వేలాడదీసింది ఆయనే.

సంగతేమిటంటే, శనివారం ఒంటిపూట పని అయిపోగానే ఆఫీసు రిక్రియేషన్ రూములో నలుగురు చేరి ఒక ఆట ఆడతారు. ఒక బల్ల, నాలుగు కాగితాలు, ఇరవై ముఖాల పాచిక ఒకటి. తలా ఒక వేషం కడతారు. వేషమంటే రంగులూ కిరీటాలూ కాదు, అంతా నోటిమాటే. ఐదువందల మంది సెలవులు చేతిలో పెట్టుకున్న గుమాస్తాయే ఆట పెద్ద. అడవులూ కోటలూ రాక్షసులూ ఆయన చెబుతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు తామేం చేస్తారో చెబుతారు. అది ఫలించిందీ లేనిదీ పాచిక చెబుతుంది. జీపు డ్రైవరు అందులో కత్తివీరుడు. టెలిఫోన్ ఆపరేటరమ్మ దొంగ. రికార్డు రూము అక్క ప్రార్థనతో గాయాలు మాన్పే సన్యాసిని. తొమ్మిదేళ్లుగా ఈ ముగ్గురూ ఒక లోయ అవతలున్న బురుజు వైపు నడుస్తున్నారు. ఆ బురుజు మీద రోజూ ఒక దీపం వెలుగుతుంది. వెలిగించేదెవరో ఎవరికీ తెలియదు.

నిరుడు అక్కకు కొత్త బుద్ధి పుట్టి, ఆటలోనే ఒక ముసలి మాంత్రికుడి దగ్గర చేరి మంత్రాలు కూడా నేర్చుకుంది. అక్కడే వచ్చింది చిక్కు. సన్యాసినికి రోజుకు ఐదు ప్రార్థనలు. మాంత్రికురాలికి రోజుకు మూడు మంత్రాలు. రెండూ వచ్చిన మనిషి ఒకదాని కోటాలో ఇంకోటి వాడుకోవచ్చా? ఆట పుస్తకం, ఈ విషయం మీలో మీరే తేల్చుకోండని చేతులు దులుపుకుంది. గుమాస్తా తనకు తెలిసిన దారిలో తేల్చబోయాడు. ప్రార్థన అంటే క్యాజువల్ లీవు లాంటిది, ఎప్పటికప్పుడు మురిగిపోతుంది. మంత్రం కష్టపడి సంపాదించుకున్న లీవు లాంటిది. ఈ రెండూ కలిపి వాడుకుంటామంటే ముప్ఫై ఏళ్లలో ఆయన ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్లకు ఒప్పుకోలేదు, మనిషి చచ్చినవాళ్లకు ఒప్పుకోలేదు.

"అయితే ఇంత కష్టపడి నేనెందుకు నేర్చుకున్నట్టు తమ్ముడూ?" అని అడిగింది అక్క. అడిగేనాటికి వంతెన తెగింది. మూడు మంత్రాలూ ఖర్చయిపోయాయి. రెండు ప్రార్థనలు మిగిలాయి. ఎగిరే మంత్రం మాత్రం కంఠతా వచ్చు. ప్రార్థన కోటాలో ఆ మంత్రం చెల్లితే అవతలి గట్టు, చెల్లకపోతే లోయ.

"వచ్చే శనివారం చెబుతానక్కా" అన్నాడాయన.

ఒక్క మాట చెప్పేస్తే పోయేది. కానీ సర్వీసులో చేరినప్పటినుంచీ ఆయన సొంతంగా ఏ మాటా చెప్పి ఎరగడు. సోమవారం పొద్దున చేయి దాని అలవాటు కొద్దీ అది ఒక నోట్ రాసేసింది. 'రెండు విద్యలు చేతిలో ఉన్న మాంత్రికులకు రెండింటిలోనూ పూర్తి అధికారమా, లేక సగం సగమా? పైవారి ఆదేశాలు కోరడమైనది.' ట్యాగు కట్టి పైకి పంపాడు. సెక్షన్ ఆఫీసరుకు అది అర్థం కాలేదు. అర్థం కాలేదని రాస్తే బాగుండదు కాబట్టి 'సూత్రప్రాయంగా అంగీకారం' అని రాసి ఇంకా పైకి తోశాడు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఏడు సంతకాలు పడ్డాక ఫైలు మంత్రిగారి బల్లమీద వాలింది.

మంత్రిగారి చేతిలో రెండు శాఖలున్నాయి: నీటిపారుదల, సంస్కృతి. రెండు శాఖలున్న మనిషి ఏదీ సగం కూడా చూడటం లేదని ప్రతిపక్షం ఆ వారమంతా ఒకటే గోల. అలాంటి సమయంలో ఈ నోట్ చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. "నా బాధ తెలిసినవాడు ఈ బిల్డింగులో ఒకడున్నాడయ్యా" అన్నారట.

ఆ మధ్యాహ్నమే ప్రెస్ మీట్ పెట్టారు. ఆ తర్వాత గుమాస్తాను పిలిపించారు. పక్కన పీఏ ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ జంట విద్యలవాళ్లు ఎంతమంది ఉంటారు?" అన్నారు మంత్రిగారు.

"ఒక్కరండీ."

"ఖచ్చితమైన లెక్కలు సేకరిస్తున్నామని రాసుకో" అన్నారు పీఏతో. "చూడవయ్యా, రెండు విద్యలూ పూర్తిగా ఇచ్చేయాలి. సగం అన్న మాట నిబంధనల్లో ఎక్కడా కనపడకూడదు."

"అలా ఇచ్చేస్తే ఆట చెడిపోతుందండీ" అన్నాడు గుమాస్తా, ఎలాగో ధైర్యం తెచ్చుకుని. "అన్ని శక్తులూ ఉన్నవాడికి ఆపదే ఉండదు. ఆపద లేకపోతే ఇక కథేముందండీ?"

"ఆపద లేకపోవడాన్నే సుపరిపాలన అంటారయ్యా."

పీఏ అది కూడా రాసుకున్నాడు. మర్నాటికి ఊళ్లో హోర్డింగులెక్కింది.

కమిటీ వేశారు. రిటైర్డు జడ్జి అధ్యక్షుడు. ఒక బ్రిడ్జి కాంట్రాక్టరు, పార్టీ మాంత్రికుల విభాగం అధ్యక్షురాలు సభ్యులు. ఆ విభాగం కమిటీకన్నా రెండు రోజులు ముందు పుట్టింది. సెలవుల గుమాస్తా కన్వీనరు. తొలి సమావేశంలోనే గొప్ప నిర్ణయం జరిగింది: విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉన్నందున అంతిమ ఉత్తర్వులు వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగాలి.

అంటే అక్క అలాగే వేలాడాలి.

శనివారం నలుగురూ బల్ల చుట్టూ చేరారు. గుమాస్తా ఉత్తర్వు చదివాడు. "మీరింకా వేలాడుతున్నారక్కా" అని ఆట ముగించాడు.

"చెయ్యి నొప్పెట్టదా గురువుగారూ?" అన్నాడు డ్రైవరు.

"నొప్పి గురించి ఉత్తర్వులో లేదు."

పై శనివారం కూడా అంతే. ఆ పై శనివారం ఆపరేటరమ్మకు ఒళ్లు మండింది. "తలుపు గడియ పెట్టుకుని గుట్టుగా ఆడేసుకుందాం. ఎవడు చూడొస్తాడు?"

"తప్పమ్మా. పరిశీలనలో ఉన్న విషయం" అన్నాడు గుమాస్తా. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం కొంచెం తేటపడినట్టు కనిపించింది. ఫ్యాను గాలి వల్ల కావచ్చు.

ఈలోగా ఒంటి విద్య మాంత్రికులు రోడ్డెక్కారు. ఒక విద్య నేర్చి నిజాయితీగా బతుకుతున్నవాళ్ల పొట్ట కొడతారా అని వాళ్ల ప్రశ్న. ఎక్కడినుంచి వచ్చారో తెలియదు గానీ రెండు లారీల నిండా వచ్చారు. మంత్రిగారు వాళ్లకూ రెండో విద్య మంజూరు చేశారు. అది విని కత్తివీరులు లేచారు. వాళ్లకు మూడేసి మంత్రాలు వచ్చాయి. ఈ ఊపులో మన జీపు డ్రైవరు కత్తివీరుల సంఘానికి కోశాధికారి కూడా అయ్యాడు. చివరికి దొంగలు వినతిపత్రం పట్టుకొచ్చారు. "దొంగల విషయంలో మా ప్రభుత్వం మొదటినుంచీ సానుకూలంగానే ఉంది" అని మంత్రిగారు వాళ్లతో ఫొటో దిగారు.

తాళ్ల వంతెన మీద మనిషి ఎలా వేలాడతాడో క్షుణ్ణంగా తెలుసుకోవడానికి కమిటీ సకుటుంబంగా మూడు దేశాలు తిరిగొచ్చింది. ఫైళ్లు చూసుకునే మనిషి ఉండాలి కాబట్టి కన్వీనరును తీసుకెళ్లలేదు. తిరిగొచ్చాక జడ్జిగారు ఆరు పేజీల నివేదికలో, వేలాడటం కష్టమని అభిప్రాయపడ్డారు.

ఇంతలో అక్క రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఆ రోజు ఐదింటికి బిల్డింగు పాసు గేటు దగ్గర అప్పగించేయాలి. మర్నాడు ఉదయం చెల్లెలి ఊరికి రైలు. అది ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. ఒక మధ్యాహ్నం గుమాస్తా రికార్డు రూముకు వెళితే అక్క బీరువాల తాళాలకు చీటీలు కడుతోంది.

"ఇరవై ఎనిమిదేళ్లు ఊరందరి కాగితాలూ దాచిపెట్టాను తమ్ముడూ" అంది. "ఎవరి గుట్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. నాకు తెలియనిదల్లా ఒక్కటే. ఆ దీపం ఎవరు పెడుతున్నారు? శనివారం ఆట అయిపోయాక బస్సులో ఇంటికి పోతూ అదే ఆలోచించేదాన్ని. నవ్వకు. అదే లేకపోతే ఈ తొమ్మిదేళ్లూ నాకు వారం గడిచేది కాదు. అది తెలుసుకోకుండా వెళ్లిపోతానేమోనని భయంగా ఉంది."

గుమాస్తా నవ్వలేదు. "ఫైలు కదులుతోందక్కా" అని మాత్రం అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, తాళాల గుత్తి ఆమె చేతికందించి వచ్చేశాడు.

అక్క రిటైర్మెంటు గురించి పీఏకి తెలిసింది. తెలియగానే నిబంధనల ఆవిష్కరణకు అదే తేదీ ఖాయం చేశాడు. తొలి లబ్ధిదారును మంత్రిగారు స్వహస్తాలతో కాపాడితే ఫొటో బాగా వస్తుందని ఆయన లెక్క.

ఆ రోజు రిక్రియేషన్ రూములో ఆట బల్లను గోడకు జరిపి వేదిక కట్టారు. నిబంధనల పుస్తకం రెండువందల పన్నెండు పేజీలు తేలింది. మొదటి నలభై పేజీల్లో మంత్రిగారి ఫొటోలున్నాయి. మాంత్రికుల విభాగం అధ్యక్షురాలు ఆయనకు ఆటలో ఉన్న పన్నెండు విద్యలూ గౌరవార్థం ప్రదానం చేస్తూ శాలువా కప్పింది. ప్రపంచంలో ఇంతటి మాంత్రికుడు లేడని జడ్జిగారు అన్నారు. అది నిజమే. నిబంధనల ప్రకారం ఉండటానికి వీల్లేదు.

అక్కను ముందు వరుసలో కూర్చోబెట్టి, మెడలో 'లబ్ధిదారు నం. 1' అన్న కార్డు వేశారు. మంత్రిగారి చేతికి పాచిక ఇచ్చారు. సందర్భం వివరించమని గుమాస్తాకు మైకిచ్చారు.

పదకొండు వారాలుగా నోరు కట్టేసుకున్న మనిషి. మైకు అందగానే చుట్టూ ఉన్నవాళ్లను మరిచిపోయాడు. కింద లోయలో నది హోరు చెప్పాడు. తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతున్న చప్పుడు చెప్పాడు. చెమటకు జారిపోతున్న వేళ్లు చెప్పాడు. కెమెరావాళ్లు కూడా కెమెరాలు దించి విన్నారు. "అయ్యా, అన్ని మంత్రాలూ మీ దగ్గరున్నాయి. ఆమెకు క్షణమే ఉంది. ఇప్పుడు ఏం చేస్తారు?" అని ఆపాడు.

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ పుస్తకం వైపు చూశాడు. పుస్తకంలో మంత్రాల జాబితా ఎక్కడుందో వెతికాడు. ఎవరికి ఎన్ని మంత్రాలో అందులో పట్టికలున్నాయి గానీ మంత్రాలు లేవు. మంత్రిగారు గొంతు సవరించుకుని, బరువుగా లేచి నిలబడ్డారు.

"వంతెన దుర్ఘటనలో అసువులు బాసిన సోదరి కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి. ప్రభుత్వం తక్షణ సహాయం ప్రకటిస్తోంది. బాధ్యులు ఎంతటివారైనా వదిలిపెట్టం."

"నేనింకా వేలాడుతున్నానండీ" అంది అక్క.

"కూర్చోండమ్మా, లైవ్ వెళుతోంది" అన్నాడు పీఏ. అంతలోనే రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నారు కాబట్టి ఆయనే మళ్లీ "లేవండమ్మా" అన్నాడు. అందరితో పాటు అక్క కూడా లేచి, మెడలో కార్డుతో, తల వంచుకుని నిలబడింది.

మంత్రిగారు ఇంకో ప్రారంభోత్సవానికి వెళ్లిపోయారు. వెనకాలే కమిటీ, కెమెరాలు, ఇంకా విప్పని బిస్కెట్ ప్యాకెట్లు వెళ్లిపోయాయి. గదిలో నలుగురు మిగిలారు. గడియారంలో ఐదుకు ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. అక్క కార్డు తీసి కుర్చీ మీద పడేసి, బల్ల తానే మధ్యకు లాగింది.

"నా సంతాపానికి నేనే లేచి నిలబడ్డాను తమ్ముడూ. ఇంతకన్నా ఏం కావాలి? పైవాళ్ల సంగతి వదిలెయ్. నువ్వు చెప్పు. ఎగురుతుందా, ఎగరదా?"

గుమాస్తా పైకి చూశాడు. పైన ఫ్యాను తప్ప ఎవరూ లేరు.

"ఎగురుతుంది" అన్నాడు.

ఆ మాటకు అరసెకను పట్టింది. డ్రైవరు కోశాధికారి హోదా మరిచి ఈల వేశాడు. అక్క పాచిక వేసింది. ఇరవైకి పదిహేడు పడింది. వంతెన వదిలేసింది. లోయ దాటింది. అవతలి గట్టు మీద దిగింది. మిగతా ఇద్దరినీ రెండో ప్రార్థనతో గాల్లో లాక్కొచ్చింది. ముగ్గురూ బురుజు మెట్లెక్కారు. పై గది తాళాన్ని ఆపరేటరమ్మ తలపిన్నుతో తీసింది. దానికీ పాచిక కలిసొచ్చింది. తలుపు సందులోంచి వెలుగు పడుతోంది. బయట వరండాలో గార్డు తాళాలు గలగలలాడించాడు.

అక్క గొంతు తగ్గించి, కుర్చీ అంచుకు జరిగింది. "తలుపు తోశాను తమ్ముడూ. లోపల ఎవరున్నారు?"

గుమాస్తా తన కాగితాలు తిరగేశాడు. తొమ్మిదేళ్ల కాగితాలు, అడవులూ కోటలూ పటాలూ అన్నీ వరసగా ఉన్నాయి. ఆఖరి కాగితం తీసి, ఇటువైపు చూశాడు, అటువైపు చూశాడు. రెండు వైపులా తెల్లగా ఉంది.

"అది ఇంకా పరిశీలనలో ఉందక్కా" అన్నాడు.