పోస్ట్‌మ్యాన్ కుడికాలు

పీట మీద చాపుకున్న పోస్ట్‌మ్యాన్ కుడి పాదం నాలుగోసారి లేచి, అధికారి ముఖానికి సూటిగా బూటు అడుగు చూపించింది.

"ఏమండీ, కాలు దించండి," అంది భార్య పళ్ల బిగువున.

"నేనెత్తితే కదా దించడానికి!"

"మీ కాలు మీరెత్తక పక్కింటాయన ఎత్తుతాడా?"

అధికారి జాగ్రత్తగా నాలుగడుగులు వెనక్కి వేశాడు. పాదం రెండుసార్లు లేచింది.

నిజానికి ఆ ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి పోస్ట్‌మ్యాన్ కుడి పాదం వాలిపోయింది. అడుగేస్తే వేళ్లు నేలకు రాసుకునేవి. ఆస్పత్రివాళ్లు నెల రోజులు వాడి చూడమని ఒక పరికరం ఇచ్చారు. బూటులో మడమ కింద ఒక బిళ్ల, మోకాలి కింద ఒక పట్టీ. మధ్యలో వైరు లేదు. మడమ లేవగానే బిళ్ల పట్టీకి కబురు పంపుతుంది, పట్టీ నరానికి చిన్న కరెంటు ఇస్తుంది, పాదం పైకి లేస్తుంది. తొమ్మిదింటికి పరికరం మంజూరు చేసే అధికారి వస్తాడు, ఆయన ముందు పన్నెండడుగులు నడవాలి. సంతకం పడితే పరికరం ఇక సొంతం, సోమవారం ఉత్తరాల సంచీ మళ్లీ భుజానికెత్తుకోవచ్చు. పడకపోతే పరికరం ఆస్పత్రికి, పోస్ట్‌మ్యాన్ కుర్చీకి.

పన్నెండడుగుల్లో మూడే పూర్తయ్యాయి. మొదటి రెండింటికి పాదం చీపురులా నేల ఊడ్చింది. దగ్గరగా చూద్దామని అధికారి పక్కనే నడవడం మొదలుపెట్టాడు. అంతే, ఆ కాలు లేవాల్సినప్పుడు లేవకుండా, ఆనాల్సినప్పుడు లేచి, మనిషిని తీసుకెళ్లి సోఫాలో పడేసింది.

భార్య ఆస్పత్రి ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది.

"కరెంటు చాలట్లేదేమో, ఒక్క పాయింటు పెంచి చూడండమ్మా," అందావిడ.

ఒక్క పాయింటు ఏ మూలకని భార్య మూడు పెంచింది.

అధికారి కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. రాసేటప్పుడు కాలు ఆడించడం ఆయన అలవాటు. పీట మీద పాదం కుట్టుమిషనులా ఆడసాగింది. మూడో కుట్టుకు పీట అంచునున్న టీ గ్లాసు ఎగిరి ఫైలు మీద బోర్లా పడింది.

"నా మీద మీకేమైనా కోపమా?" అన్నాడు అధికారి.

"అయ్యో, మిమ్మల్ని ఇవాళే చూడ్డం సార్!"

"ఆయనకి ఆఫీసర్లంటే ముందునుంచీ పడదు లెండి," అంది భార్య, సాయం చేస్తున్నాననుకుని.

అధికారి దర్యాప్తుకు దిగాడు. ఇంట్లో ఇంకేదో కరెంటు వస్తువు అడ్డుపడుతోందని ఆయన అనుమానం. టీవీ ఆపాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. ఎవరినీ నమ్మకుండా ప్రతి స్విచ్చు దగ్గరికీ తానే నడిచాడు. నడిచినంతసేపూ పాదం లేస్తూ ఆయన అనుమానాలన్నింటినీ బలపరిచింది. చివరికి మెయిన్ స్విచ్ మిగిలింది. అది ఎత్తులో ఉంది. మునివేళ్ల మీద నిలబడి చెయ్యి చాపాడు. పీట మీది పాదం లేచి, అలాగే నిలిచిపోయింది.

"పూర్తిగా బిగుసుకుపోయింది," అన్నాడు అధికారి తలతిప్పి చూసి. "పరికరం పనికిరాదని రాసేస్తున్నా."

పోస్ట్‌మ్యాన్ రెండు చేతులూ జోడించాడు. "సార్, నిన్న ఈ కాలితోనే వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. దీన్ని తీసుకెళ్లిపోతే ఉత్తరాలు పంచాల్సిన పది వీధుల మాట అటుంచి, నేను మా గుమ్మమే దాటలేను."

అధికారి మడమలు దించాడు. పాదం దిగింది.

భార్య అధికారి దగ్గరికి వెళ్లి వంగి చూసింది. తర్వాత మెల్లగా అంది: "బాబూ, ఇంకోసారి మడమలెత్తండి."

"ఎందుకమ్మా?"

"ఎత్తండి ముందు."

ఎత్తాడు. లేచింది. దించాడు. దిగింది.

"కబురు సరైన ఇంటికే వస్తోందే," అన్నాడు పోస్ట్‌మ్యాన్ సోఫాలోంచి. "పంపేవాడే మారాడు."

మొగుడూ పెళ్లాలిద్దరూ అధికారి పాదాల వంక చూశారు. కాసేపటికి అధికారి కూడా చూసుకున్నాడు. రాగానే ఆయన తన బూట్లు వరండాలో, పోస్ట్‌మ్యాన్ బూట్ల పక్కన విప్పాడు. ఫైలు బండిలోనే మరిచిపోయానని కిందికి వెళ్తూ, కాళ్లకు అందిన నల్ల బూట్లు తొడుక్కున్నాడు. తిరిగొచ్చాక "పరవాలేదు, విప్పకండి" అంది ఆ ఇల్లాలు. మిగిలిన నల్ల బూట్లు తెచ్చి భర్తకు తొడిగింది కూడా ఆవిడే.

"మడమ కింద ఏదో గుచ్చుకుంటుంటే మీ వరండాలో రాయి అనుకున్నాను," అన్నాడు అధికారి.

బూట్లు మారాయి. కరెంటు మూడు పాయింట్లు తగ్గింది. పోస్ట్‌మ్యాన్ పన్నెండడుగులు వేశాడు. పదమూడోది ఎవరూ అడక్కుండానే వేశాడు. అధికారి తడిసిన కాగితంలో పొడిగా ఉన్న చోటు వెతికి సంతకం పెట్టాడు.

అప్పుడు ఫోన్ మోగింది. భార్య స్పీకరు నొక్కింది.

"అమ్మా, ఇప్పుడు తట్టింది నాకు!" అంది ఫిజియోథెరపిస్టు ఆయాసపడుతూ. "ఆయన బూట్లు ఎవరో వేసుకుని తిరుగుతున్నారు. ఆ మహానుభావుడెవరో పేరు చెప్పండి చాలు, ఆఫీసరుగారితో చెప్పి నాలుగు చీవాట్లు పెట్టిస్తాను."

మొగుడూ పెళ్లాలు మర్యాదగా గోడ వంక చూశారు.

అధికారి ఫోన్ మీదికి వంగి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ మహానుభావుడు ఆఫీసరుగారేనమ్మా."