జావా సార్ చీపురు డెమో

కంప్యూటర్ కోర్సులు చెప్పే బుల్లబ్బాయికి అమీర్‌పేటలో మంచి పేరుంది. జావాలో తనకు రాని సంగతి కూడా వచ్చినట్టే చెప్పగలడని ఆ పేరు.

ఆయన భార్య నాగేశ్వరికి మాత్రం ఆర్నెల్లుగా మెడ నుంచి నడుం దాకా ఒకటే పీకుడు. ఒకరోజు అన్నం గిన్నె దించబోయి పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. పంజాగుట్ట డాక్టరు చూసి, "వంగి వంగి పనిచేసి గూని పడుతోందమ్మా. మందులకంటే యోగా మేలు" అన్నాడు. ఆ పక్క సందులోనే పొద్దున్న ఆరింటికి ఆడవాళ్ళ క్లాసు ఉందని కూడా చెప్పాడు.

ఆరింటికి అనగానే పక్కనున్న బుల్లబ్బాయి కుర్చీలోంచి సగం లేచాడు. ఆరింటికి కాఫీ, ఆరున్నరకు వేణ్ణీళ్ళు, ఏడింటికి ఉప్మా పడితేగానీ ఆయన బండి కదలదు. పెళ్ళాం నొప్పి మీద జాలి లేకపోలేదు. కాకపోతే కాఫీ తాగాక జాలిపడటం ఆయన అలవాటు.

మర్నాడు ఇన్‌స్టిట్యూట్ ప్రింటర్ మీద ఒక చార్టు తీసుకొచ్చి వంటింటి గోడకు అంటించాడు. చీపురాసనం, తడిగుడ్డాసనం, దుప్పటి పిండాసనం, ఇంకా పదకొండు.

"ఇంటిపనంతా యోగాయేనే. పంజాగుట్ట దాకా పోవడం దేనికి?"

"వంగడం వల్లే నొప్పొచ్చిందని డాక్టరు గారు చెప్పారు కదండీ."

"అది జ్ఞానం లేకుండా వంగడం. రేపట్నుంచి జ్ఞానంతో వంగు."

నాగేశ్వరి చార్టంతా నిదానంగా చదివింది.

"మీ ఇన్‌స్టిట్యూట్లో డెమో చూడకుండా ఎవరైనా చేరతారా?"

"ఎలా చేరతారు? మూడ్రోజులు ఉచిత డెమో. అమీర్‌పేటలో అది ధర్మం."

"అయితే నాకూ ఇవ్వండి. ఊపిరి ఎక్కడ పీల్చాలో తెలీకుండా చీపురెలా పట్టుకోను?"

డెమో అడిగితే కాదనడం ఆయన రక్తంలో లేదు. మర్నాడు అయిదున్నరకే చూస్తే హాల్లో చాప మీద నాగేశ్వరి, ఎదురింటి స్వరాజ్యం, మరో నలుగురు ఆడవాళ్ళు నోటుబుక్కులతో కూర్చుని ఉన్నారు. జనాన్ని చూడగానే ఆయనకు పూనకం వచ్చింది. గుడ్ మార్నింగ్ చెప్పి, చీపురెత్తి, వంగాడు.

"అన్నా, మంచం కింద ఏ ఆసనం?" అంది స్వరాజ్యం.

పొట్టమీద పాకి చూపించాడు.

"మస్తుంది. గీమె సరిగ చూడలేదంట, జర మళ్ళ చూపియ్యి."

రెండోరోజు తడిగుడ్డ, మూడోరోజు దుప్పట్లు. నాలుగోరోజుకు కొత్తవాళ్ళు ముగ్గురొచ్చారు. కొత్తవాళ్ళొస్తే డెమో మొదట్నుంచీ చెప్పాలి, అదీ అమీర్‌పేట ధర్మమే. అయిదోరోజు స్వరాజ్యం ఇంకో మెట్టెక్కింది.

"థియరీ అయింది గదన్నా. ల్యాబ్ మా ఇంట్ల పెట్టు. మా గిన్నెలు మస్తు మాడినయి."

"నేను జావా ఫ్యాకల్టీనమ్మా."

"అందుకే చెప్తున్న. మా తమ్ముడు రిషి, వాని దోస్తులు పదిమంది నీ బ్యాచ్‌ల చేరుదామని చూస్తుండ్రు. సారు డెమో నడుమ ఇడిచిపెట్టిండంటే ఆళ్ళు ఆగుతరా?"

బుల్లబ్బాయి పదకొండు ఫీజులు లెక్కేసుకున్నాడు. చీపురు పట్టుకుని ఎదురింటికి బయల్దేరుతూ, సాయానికి పెళ్ళాం కోసం చాపవైపు చూశాడు. ఆవిడ లేదు.

"నాగేశ్వరి ఏది?"

"వదినా? మొదటి దినమే నువ్వు మంచం కిందికి పోంగనే పోయింది. అయిదు దినాల నుంచి పంజాగుట్టల యోగా చేస్తుంది."

వంగినవాడికి నేల తప్ప మనుషులు కనబడరని ఆయనకు ఆ పూట అర్థమైంది. ఆవిడ ఇన్నేళ్ళూ చూసింది ఆ నేలనేనన్న ఆలోచన మాత్రం ఇంకా రాలేదు. దానికి ఇంకో నెల ల్యాబ్ పట్టింది.

నెల తిరిగేసరికి ఆయన నడుం పట్టేసింది, ఆవిడది వదిలేసింది. ఇక ఊరుకుంటే లాభం లేదని, క్లాసు మానెయ్యమని గట్టిగా చెప్పడానికి ఒకనాడు గుమ్మంలో కాపుకాశాడు. నాగేశ్వరి మెట్లెక్కి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. మెడ నిటారుగా ఉంది, భుజాలు విచ్చుకున్నాయి. పద్నాలుగేళ్ళ కాపురంలో తెలియని సంగతి ఆయనకు అప్పుడు తెలిసింది. ఆవిడ తనకంటే రెండంగుళాలు పొడుగు.

"ఏంటండీ, ఏదో చెప్పబోయారు?"

బుల్లబ్బాయి నడుం మీద చెయ్యేసుకుని, కష్టపడి తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఏం లేదు. రేపు అయిదున్నరకు లేపనా, ఇంకాస్త ముందే లేపనా?" అన్నాడు.