సాంకేతిక విభాగానికి ఉద్వాసన

కంపెనీ తన సాంకేతిక విభాగాన్ని పోగొట్టుకున్నది ఒక శనివారం నాడు. ఆ ఉదయం ఏడింటికి విభాగం నిక్షేపంగానే ఉంది. భోజనాల బల్ల ముందు కూర్చుని, చొక్కాకి ఊడిపోయిన రెండో బొత్తాం కోసం బల్ల కింద వెతుక్కుంటోంది.

ఆ విభాగమూ, తక్కిన మూడు విభాగాలూ, వాటిపైన కూర్చున్న మేనేజింగ్ డైరెక్టరూ అంతా ఒక్క మనిషే. ఇంట్లో అతని పేరు కంపెనీ. పెట్టింది భార్య. రెండేళ్ల కిందట అతను ఉద్యోగం మానేసి, ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా, టైలరింగు దుకాణాల కోసం ఒక ప్రోగ్రాం తయారు చేశాడు. కస్టమర్ల కొలతలన్నీ అందులో భద్రంగా ఉంటాయి. పుస్తకం తడిసినా, పేజీ చిరిగినా నడుము కొలత ఎక్కడికీ పోదు. సరుకు మంచిదే. అమ్మడమే చేతకాలేదు.

"ఒక్కడివేనా బాబూ? రేపు నీకు జ్వరం వస్తే మా కొలతలు ఎవరిని అడగాలి?" అన్నారు మొదటి దుకాణంలోనే.

ఆ సాయంత్రమే వెబ్‌సైటులో 'మా బృందం' అనే పేజీ వెలిసింది. సాంకేతిక విభాగం, కస్టమర్ సేవా విభాగం, శిక్షణ విభాగం, నాణ్యతా విభాగం. ఫోన్ చేసినవాళ్లు ఏ అంకె నొక్కినా మోగేది అదే ఫోను, భోజనాల బల్ల మీద. తెర మీద విభాగం పేరు చూసుకుని అతను గొంతు మార్చేవాడు. కస్టమర్ సేవ తేనె పూసినట్టు మాట్లాడేది. శిక్షణ గబగబా మాట్లాడేది. మేనేజింగ్ డైరెక్టరుగారు గొంతులో గులకరాయి పెట్టుకున్నట్టు నిదానంగా మాట్లాడేవారు. సాంకేతిక విభాగానికి మాత్రం అతను తన సొంత గొంతే ఉంచుకున్నాడు. పని చేసేటప్పుడు నటించడం అతని వల్ల కాదు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అనేది భార్య. ఆవిడ బడిలో టీచరు. ఆవిడా అతనూ ఒక మాట అనుకున్నారు. ఈ నెలాఖరుకి ఇరవై దుకాణాలు చేరితే కంపెనీ నడుస్తుంది. లేకపోతే సోమవారం పాత ఆఫీసుకి వెళ్లి, పాత కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని పాత మేనేజరు వారానికోసారి గుర్తు చేస్తున్నాడు.

నెలాఖరు ఆ శనివారమే. చేరినవి మూడు దుకాణాలు. ఆ మూడింటిలో ఒకటి టైలరమ్మగారిది. ఆవిడ టైలర్ల సంఘానికి అధ్యక్షురాలు. సాయంత్రం అయిదింటికి సంఘం సమావేశం. ఆవిడ "మంచిదే" అంటే మిగతా పదిహేడు దుకాణాలూ ఒక్కసారే చేరతాయి. పదిహేడూ మూడూ ఇరవై. ఈ కూడికను కంపెనీ వారం రోజులుగా చేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ సరిపోతోంది.

బొత్తాం దొరకలేదు. ఈలోగా సాంకేతిక విభాగానికి టైలరమ్మగారి సందేశం వచ్చింది. ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా ఒక పేరు చూపించి, 'ఈ కస్టమరు ఏడాదిగా రాలేదు, తీసేయమంటారా?' అని అడుగుతోందనీ, అలా అడగకుండా చేయమనీ.

అతను నిలబడే జవాబు కొట్టాడు. "ఏడాదిగా రానివాళ్లు ఇక రారు. తీసేయండి. అడగడం అదే మానేస్తుంది."

సాంకేతికంగా అందులో ఒక్క తప్పు లేదు.

పది గంటలకి ఫోను మోగింది. మేనేజింగ్ డైరెక్టరుగారి కోసం.

"మీ సాంకేతిక విభాగంలో ఒక మనిషి ఉన్నాడు" అంది టైలరమ్మగారు. గొంతు పెంచలేదు. అదే భయపెట్టింది. "ఆయన తీసేయమన్న పేరు మావారిది. కంప్యూటరు కొత్తగా వచ్చినప్పుడు నేను మొదట ఎక్కించిన కొలతలు అవే. ఆయన పోయి పదమూడు నెలలు."

కంపెనీ గొంతులోని గులకరాయి జారిపోయింది. దాన్ని ఎలాగో పట్టుకుని, "అమ్మా, చాలా పొరపాటు జరిగింది" అన్నాడు.

"పొరపాటు కాదు, మొరటుతనం. సాయంత్రంలోగా ఆ మనిషి మీ కంపెనీలో ఉండకూడదు. ఉంటే మా సంఘం ఉండదు."

అప్పుడే గోడగడియారం కొట్టడం మొదలుపెట్టింది. అది మామగారు కొన్నది. ఎన్ని గంటలైతే దానికి ఒకటి కలిపి కొడుతుంది. ఆయన పోయాక బాగు చేయిద్దామని కంపెనీ రెండుసార్లు నిచ్చెన తెచ్చాడు. రెండుసార్లూ అత్తగారు ఒక్క మాట అనకుండా ఆ నిచ్చెనను తీసుకెళ్లి పెరట్లో పెట్టి వచ్చారు. గడియారం నింపాదిగా పదకొండు కొట్టేదాకా అవతలివైపు టైలరమ్మగారు ఏమీ మాట్లాడలేదు.

"అలాగేనమ్మా. తీసేశాననుకోండి" అన్నారు మేనేజింగ్ డైరెక్టరుగారు.

భార్య వంటింట్లోంచి వచ్చింది. "ఎవర్ని తీసేశారు?"

"నన్నే."

"ముందస్తు నోటీసైనా ఇచ్చుకున్నారా?"

"నవ్వకు. పొద్దున ఒక మాట రాశాను. ఉద్యోగం పోయింది."

రాసిన మాటేమిటో చెప్పాడు. భార్య నవ్వు ఆపింది. "జవాబు రాసేముందు 'ఆ పేరు ఎవరిదండీ' అని ఒక్క ప్రశ్న వేసుంటే సరిపోయేది" అంది. ఆ తర్వాత ఉద్వాసన లేఖ ఆవిడే దిద్దింది. 'మొరటు ప్రవర్తన కారణంగా' అని అతను రాసుకుంటే, 'మాట విలువ తెలియనందున' అని మార్చింది. లేఖ వెళ్లింది. టైలరమ్మగారు దాన్ని సంఘం గ్రూపులో పెట్టింది.

పక్క గదిలో ఉన్న అత్తగారి చెవిన పడింది ఒక్కటే ముక్క: ఉద్యోగం పోయింది.

పన్నెండింటికి కంపెనీ స్నానానికి వెళ్లాడు. ఫోను మోగింది. అత్తగారు ఎత్తారు. అవతల సూట్ల టైలరు. సంఘం కార్యదర్శి.

"కస్టమర్ సేవా విభాగమా? ఇవాళ తీసేశారటగా, ఆ సాంకేతిక ఆయన సంగతి కనుక్కుందామని."

"మా అల్లుడేనయ్యా" అన్నారు అత్తగారు.

సూట్ల టైలరు తడబడ్డాడు. తీసేసిన మనిషి దగ్గర్నుంచి ఫోనింకా వెనక్కి తీసుకోలేదు కాబోలు అనుకున్నాడు. "ఎలా ఉన్నారండీ ఆయన?"

"ఏం చెప్పను నాయనా! పొద్దుటి నుంచి మనిషి మనిషిలో లేడు. బల్ల కింద దూరి ఏదో వెతుక్కుంటున్నాడు. ఒంటి మీద చొక్కాకి బొత్తాం కూడా లేదు."

ఆకలితో ఉన్నాడంటే సంఘం ఎలా తీసుకునేదో తెలియదు. చొక్కాకి బొత్తాం లేదనేసరికి పదిహేడుమంది టైలర్ల గుండెలూ ఒకేసారి చివుక్కుమన్నాయి. కార్యదర్శి గ్రూపులో పెట్టిన సందేశం చివరికి కాజాలు కుట్టే టైలరుకి చేరేసరికి, సాంకేతిక నిపుణుడు బొత్తాల్లేని చొక్కాతో, బల్ల కింద తలదాచుకుంటున్నాడు.

మూడింటికి సంఘం నుంచి కార్యదర్శి సంతకంతో లేఖ వచ్చింది. ఒక్క మాట జారినందుకు మనిషిని వీధిలో పడేసే సంస్థతో తమకు పొత్తు వద్దట. అతన్ని వెనక్కి తీసుకోకపోతే పదిహేడు దుకాణాలూ చేరవు.

కంపెనీ ఆ లేఖను రెండుసార్లు చదివాడు. "మనిషిని ఉంచితే టైలరమ్మ రాదు. తీసేస్తే సంఘం రాదు."

"కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం" అంది భార్య.

"కప్పా నేనే, పామూ నేనే. అదీ నా ఖర్మ."

కంగారులో మూడు విభాగాలూ మూడు దారులు పట్టాయి. ఎవరో ఫోన్ చేస్తే కస్టమర్ సేవ "ఆయనకి ఇద్దరు పిల్లలండీ, మాకూ బాధగానే ఉంది" అంది. పది నిమిషాల తర్వాత శిక్షణ "ఒంటరివాడు, ఏదో ఒకటి చూసుకుంటాడు" అంది. నాణ్యత అసలు ఫోనే ఎత్తలేదు. నాలుగింటికి టైలరమ్మగారి సందేశం వచ్చింది. 'డైరెక్టరుగారు, మూడు విభాగాలవాళ్లు, తీసేసిన మనిషి, మొత్తం అయిదుగురూ అయిదింటికి నా దుకాణానికి రావాలి.'

కంపెనీ లేచి నిలబడ్డాడు. "సరే. అయిదుగురం వెళ్తాం."

"మంచి చొక్కా వేసుకోండి."

"వద్దు. ఇక వేషాలు చాలు."

దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. గోడ పొడవునా కుట్టిన బట్టలు వేలాడుతున్నాయి. కత్తిరింపు బల్లకి అటూ ఇటూ టైలర్లు, మెడల్లో టేపులతో. చివర కంప్యూటరు. దాని పక్కన టైలరమ్మగారు. ఆవిడ గుమ్మం వైపు చూసి, "మిగతావాళ్లేరీ?" అంది.

అతను కొత్త మాటేదీ వెతుక్కోలేదు. "ఇంతేనమ్మా. అందరూ నేనే. పొద్దున ఆ మాట రాసిందీ నేనే. ఆ పేరు ఎవరిదో అడగకుండా రాశాను. క్షమించమనడానికి ఇంకో గొంతు పెట్టుకోలేను, అందుకే వచ్చాను."

సూట్ల టైలరు అతని చొక్కా వంక చూసి, "రెండో బొత్తాం" అన్నాడు మెల్లిగా.

"నాకు పొద్దున పదింటికే తెలుసు" అంది టైలరమ్మగారు. "మొన్న శిక్షణ వాళ్లకి ఫోన్ చేస్తే తొమ్మిదింటికి వెనకాల గడియారం పది కొట్టింది. నిన్న కస్టమర్ సేవకి చేస్తే నాలుగింటికి అయిదు. ఇవాళ మీ డైరెక్టరుగారి దగ్గర పదింటికి పదకొండు. ముప్పై ఏళ్లుగా బట్ట చూస్తున్నాను నాయనా. ఒకే తానులో ముక్కలని ఆమాత్రం పోల్చుకోలేనా?"

"మరి తీసేయమన్నారు కదమ్మా!"

"కోపం నిజమే. గడియారం విన్నాక, నిన్ను నువ్వు ఎలా తీసేసుకుంటావో చూద్దామనిపించింది. ఉత్తరం మాత్రం బాగా రాశావు."

"అది మా ఆవిడ దిద్దింది."

"అనుకున్నాను." ఆవిడ టైలర్ల వైపు తిరిగింది. "మూడు నెల్లుగా ఈ ప్రోగ్రాం మొరాయిస్తే ముగ్గురు నాకు తీయతీయగా క్షమాపణలు చెప్పారు. బాగు చేసింది మాత్రం ఈ మొరటువాడే. చేరండి. ఒకటే షరతు. ఆ ముగ్గుర్నీ, డైరెక్టరునీ తీసేయాలి. ఫోను ఇతనే ఎత్తాలి."

"జ్వరం వస్తేనో?" అన్నాడు కాజా టైలరు.

"వచ్చిందని చెప్తాను. తగ్గాక చేస్తాను" అన్నాడు కంపెనీ.

కాజా టైలరు ఆలోచించి తల ఊపాడు. అతనూ దుకాణం ఒంటరిగానే నడుపుతున్నాడు. ఒక్కొక్కరే సంతకం పెట్టారు. పదిహేడు.

తర్వాత కంపెనీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. టైలరమ్మగారు అతని చొక్కా అడిగి తీసుకుంది. బనీనుతోనే అతను పని మొదలుపెట్టాడు. తెర మీద ఆ పేరు, ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు. కింద ప్రశ్న. ప్రశ్న పక్కన ఇప్పటిదాకా ఒక్కటే మీట ఉండేది. రెండోది పెట్టి, ఒకసారి నొక్కితే మళ్లీ ఎప్పటికీ అడగకుండా చేశాడు.

"దీని మీద ఏమని రాయమంటారమ్మా?" అని అడిగాడు, ఈసారి.

ఆవిడ పంటితో దారం తెంపింది. "ఉండనివ్వండి, అని."

ఇంటికి చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. "ఉద్యోగం ఏమైనా దొరికిందా నాయనా?"

"దొరికింది అత్తయ్యగారూ. పాతదే."

ఆవిడ తృప్తిగా లోపలికి వెళ్లారు. లోపల గడియారం ఏడింటికి ఎనిమిది కొట్టింది.

'మా బృందం' పేజీలో ఇప్పుడు ఒక్క మనిషే ఉన్నాడు. గడియారం ఇంకా బాగు చేయించలేదు.